వేడినీళ్ళలో ఊడిన చెయ్యి

విరిగిన బొమ్మను తెచ్చినవాళ్ళెవరూ మేమే విరిచామని చెప్పరు. పిల్లి తోసిందంటారు, గాలికి కిటికీ రెక్క కొట్టుకుందంటారు, మరీ సిగ్గులేనివాళ్ళయితే దానంతటదే పడిపోయిందంటారు. మరమ్మతు కొట్లో అత్తగారు అందరికీ ఒకే తీరుగా తలూపుతుంది. "ఈ కాలం పిల్లులకి బొత్తిగా భయం లేదులెండి" అని బొమ్మను అందుకుంటుంది. ఎవరు తెచ్చారు, ఎవరికి తెలియకూడదు అన్న సంగతి ఆ గుమ్మం దాటి బయటికి పోదు. జిగురు ఎవరైనా కొనుక్కోవచ్చు, రంగులు ఎవరైనా కలపొచ్చు. ఆ కొట్టు ఇన్నేళ్ళు నిలబడింది నోరు మూసుకోవడం వల్లనే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఈ పనికి పనికిరాదని, కోడలు బల్ల ముందు కూర్చున్న మొదటిరోజే అత్తగారు చెప్పింది.

ఆ పొద్దున వచ్చిన బొమ్మలావిడ మాత్రం పిల్లినీ అనలేదు, గాలినీ అనలేదు. కారు దిగి, డ్రైవరు చేత అట్టపెట్టె మోయించుకుని వచ్చి, బల్ల మీద పెట్టించి, కుర్చీలో కూర్చోకుండానే అంది.

"మా పనిమనిషి విరగ్గొట్టింది."

బొమ్మలావిడ ఇంట్లో హాలు గోడ నిండా అద్దాల బీరువా ఉంది. దాని నిండా ఫ్రెంచి పింగాణీ బొమ్మలు. ఏ ఒక్కదానికీ అచ్చు వేసిన రంగు లేదు, అన్నీ మనుషులు కూర్చుని కుంచెతో దిద్దినవే. దిద్దినవాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు, వాళ్ళు దిద్దిన చెక్కిళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బొమ్మలావిడ ఎవరింటికి వెళ్ళినా ఆ బొమ్మల మాటే మాట్లాడుతుంది. ఆవిడ చెప్పబట్టే బొమ్మలున్న ఇళ్ళవాళ్ళు చాలామంది ఈ కొట్టు గుమ్మం ఎక్కారు. అందుకని అత్తగారి కొడుకు కౌంటరు వెనక నుంచి లేచి మరీ నమస్కారం పెట్టాడు.

కోడలు పెట్టె తెరిచి దూది పొరలు తీసింది. గులాబీరంగు గౌను పిల్ల బయటికి వచ్చింది. ఒక కాలి మునివేళ్ళ మీద నిలబడి, ఎడమచేత్తో గౌను అంచు పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి నాట్యం చేస్తున్న పిల్ల. గౌను అంచున పింగాణీ లేసు. నిజం లేసునే పాలలాంటి పింగాణీ మట్టినీళ్ళలో ముంచి కొలిమిలో పెడతారు, లోపలి దారం కాలిపోయి పింగాణీ మాత్రం మిగులుతుంది. ఊపిరి గట్టిగా వదిలినా రాలిపోయే ఆ లేసు చెక్కుచెదరలేదు. పైకెత్తిన చెయ్యి మాత్రం మోచేతి నుంచి లేదు. అది వేరే దూదిలో ఉంది. చిటికెనవేలు కొన కూడా పోయింది.

కోడలు చెయ్యి తీసి కిటికీ వెలుగుకు పెట్టింది. విరిగినచోట అంచు చుట్టూ తేనెరంగు జిగురు చార ఉంది. నడిమధ్య నుంచి సన్నటి ఉక్కుతీగ ముక్క బయటికి పొడుచుకు వచ్చింది. ఆమె వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ తీగను కోసిందీ, దాని కొనను ఆకురాయి మీద గుండ్రంగా అరగదీసిందీ, మోచేతిలో సూదంత రంధ్రం తొలిచి దాన్ని దింపిందీ తనే. పోయిన ఏడాది.

బల్ల కింద అత్తగారి పాదం వచ్చి కోడలి పాదాన్ని తొక్కి పట్టింది. ఆవిడ కూడా చూసింది.

"లోపల తీగ చూశారా?" అంది బొమ్మలావిడ. "ఆ కాలం వాళ్ళు ఎంత గట్టిగా చేసేవాళ్ళో. తీగ పెట్టి మరీ పోతపోశారు. అంత గట్టిదాన్ని విరిచిందంటే ఎంత మొరటుగా పట్టుకుందో మీరే ఆలోచించండి."

తన తీగకు ఫ్రెంచివాళ్ళను పొగుడుతుంటే కోడలికి నవ్వు రాలేదు. "ఎలా విరిగిందండీ?" అని మాత్రం అడిగింది.

"ఎలాగేముంది, కడుగుతుంటే. శనివారం నాలాగే బొమ్మలు పోగుచేసేవాళ్ళంతా చూడ్డానికొస్తున్నారు. జిడ్డు పట్టిందని వేడినీళ్ళతో కడగమన్నాను. అసలు పింగాణీని వేడినీళ్ళేం చేస్తాయి? ఎన్నేళ్ళుగానో తనే కడుగుతోంది. చేతులు మెత్తనివని 'దూది' అని పేరు పెట్టింది కూడా నేనే. నెత్తికెక్కించుకున్నాను, అదీ నా తప్పు. చెయ్యి దానంతటదే ఊడి తొట్లో పడిందట. నా మొహం మీదే చెబుతోంది." బొమ్మలావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "శుక్రవారం దాన్ని మా ఇంట్లో పనికి పెట్టిన ఆఫీసు సూపర్వైజరు వస్తోంది. అజాగ్రత్త వల్లే విరిగిందని తేలితే ఇక ఏ ఇంటికీ పంపరు. మీలో ఒకరు వచ్చి, మొరటుగా పట్టుకోవడం వల్లే విరిగిందని ఒక్కమాట చెప్పాలి. శనివారానికి అతుకు కనపడకూడదు."

"అతకడం మా పని గానీ, మాటలు చెప్పడం కాదండీ" అంది అత్తగారు.

"ఒక్కమాటే కదా పెద్దావిడ గారూ. మీ కొట్టు గురించి నేను ఎంతమందికి ఎన్ని మాటలు చెప్పలేదు?"

అలా అని బొమ్మలావిడ వెళ్ళిపోయింది. అత్తగారి కొడుకు గుమ్మందాకా వెళ్ళి తలుపు తీసిపెట్టాడు.

అత్తగారు పాదం తీసింది. కోడలు చెయ్యిని ఇంకా పట్టుకునే ఉంది. పోయిన ఏడాది దీన్ని కోటులో చుట్టుకుని తెచ్చింది బొమ్మలావిడ అల్లుడు. ఫోను మాట్లాడుతూ మోచెయ్యి తగిలించాడట. "మా అత్తగారికి తెలిస్తే నా కొంప మునుగుతుంది, ఎలాగైనా ఆవిడ ఊరినుంచి వచ్చేలోపు అతికించండి" అని ప్రాణం తీశాడు. పని అయ్యాక బొమ్మను అతని చేతిలో పెడుతూ కోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. జిగురుతో అతికింది వేడినీళ్ళలో ఊడుతుంది, ఆ ఇంట్లో కడిగేవాళ్ళెవరో వాళ్ళకి చెప్పండి అని. "ఓ, తప్పకుండా" అన్నాడతను.

"జిగురు అంతా ముందు శుభ్రంగా తీసెయ్యి" అంది అత్తగారు. "తీగ కూడా లాగెయ్యి. కొత్తది పెడదాం."

"తీసేస్తే ఇది ఇప్పుడే విరిగినట్టు ఉంటుంది అత్తయ్యా."

"అందుకే తియ్యమంటున్నా."

కోడలు పుల్లకు దూది చుట్టింది. జిగురు కరిగించే మందు సీసా మూత తీసింది. గోళ్ళరంగు తుడిచే మందు వాసన గదంతా పరుచుకుంది. ఒక్క తుడుపుకి ఆ తేనెరంగు చార కరిగిపోతుంది, పాత అతుకన్న జాడే ఉండదు. ఆమె దూది ముంచింది, పైకెత్తింది, కాసేపు అలాగే పట్టుకుంది. మందు గాలికి ఆరిపోయింది. పుల్లను చెత్తబుట్టలో పడేసి, సీసాకు మూత పెట్టి, ఇంకో బొమ్మ పని ముందేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పక్కతలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. దూది అన్న పేరున్న మనిషి వచ్చింది. కోడలి ఈడుదే. రెండు చేతులూ పైచొక్కా జేబుల్లో పెట్టుకుని, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు గుమ్మంలోనే నిలబడింది. ఇదివరకు ఆ ఇంటి బొమ్మల కాళ్ళ కింద అంటించే మఖమల్ ముక్కల కోసం ఒకటి రెండుసార్లు వచ్చింది గనుక ముఖం తెలుసు.

"రా అమ్మా, కూర్చో" అంది అత్తగారు. ఆవిడ మర్యాదలో ఎప్పుడూ లోటు చెయ్యదు. కోడలు టీ కలిపి తెచ్చి ఇచ్చింది.

దూది జేబుల్లోంచి చేతులు తీసి కప్పును రెండు చేతులతో పట్టుకుంది. చంటిపిల్లలు పట్టుకున్నట్టు. పట్టుకున్నాక తనే గమనించుకుని, ఇబ్బందిగా నవ్వింది.

"మొన్నటినుంచి ఇలాగే పట్టుకుంటున్నా. గ్లాసైనా, పళ్ళెమైనా. మా చెల్లెలు ఎగతాళి చేస్తోంది." టీ తాగకుండానే కప్పు కింద పెట్టింది. "ఒక్కసారి చూడొచ్చా దాన్ని?"

కోడలు గులాబీ గౌను పిల్లను, చెయ్యినీ తెచ్చి బల్ల మీద పెట్టింది. దూది ముట్టుకోలేదు. వంగి చూసింది.

"నీళ్ళు ఈసారి వేడివి అంతే, ఎప్పుడూ కడిగినట్టే కడిగానమ్మా. తొట్టి అడుగున తువ్వాలు మడతపెట్టా. నడుం దగ్గర పట్టుకున్నా, చేతులు పట్టుకోను నేనెప్పుడూ. లేసు మీద నీళ్ళు కూడా పొయ్యను, ఆవిరికే వదిలేస్తా. బ్రష్షుతో మెడ వెనక రుద్దుతుంటే నీళ్ళలో ఏదో టప్‌మంది. చూస్తే చెయ్యి." ఆమె తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. "నాకు తెలీకుండా చెయ్యి వణికిందేమో. రాత్రిళ్ళు పడుకుంటే అదే గుర్తొస్తోంది. మీకైతే చూడగానే తెలుస్తుందట కదా ఎలా విరిగిందో. నా తప్పయితే తప్పని చెప్పండి. చేతులు పాడైనవాళ్ళు ఈ పని చెయ్యకూడదు. నేనే మానేస్తా."

కోడలు నోరు తెరిచింది.

"పింగాణీ కదమ్మా" అంది అత్తగారు అడ్డుపడి. "దాని ఆయుష్షు అంతే అనుకోవాలి."

దూది ఆవిడ మాటకు తలూపింది కానీ, చూపు మాత్రం కోడలి మీదే ఉంది. కోడలు బల్ల మీది రంగుల పలక వైపు చూసింది. ఆ చూపు తప్పించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"శుక్రవారం సాయంత్రానికి వాళ్ళిచ్చిన గది ఖాళీ చెయ్యమన్నారు" అంది దూది లేస్తూ. "గది పోతే పోయింది, ఎక్కడో అక్కడ సర్దుకుంటాం. చెల్లెలి నర్సు చదువు ఇంకో ఏడాదిలో అయిపోతుంది. కానీ చేతులు సరిగా లేవన్న పేరొస్తే ఎవరు రానిస్తారు? ఇంకే పనీ రాదు నాకు." టీ కప్పును రెండు చేతులతో తీసుకెళ్ళి, తనే కడిగి, బోర్లించి, వెళ్ళిపోయింది.

తలుపు పడేదాకా కోడలు ఆగింది.

"ఆ పిల్లకి పిచ్చెక్కేట్టుంది అత్తయ్యా. కప్పు పట్టుకోవడానికి భయపడుతోంది."

"నాకూ కళ్ళున్నాయి."

"ఉంటే మరి? ఆయుష్షంట ఆయుష్షు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. అల్లుడుగారు విరిస్తే కోటులో దాచుకొస్తారు, పనిమనిషి చేతిలో ఊడితే ఊరంతా తెలియాలి. దాని మీద మళ్ళీ మనం వెళ్ళి సాక్ష్యం."

"నువ్వు వెళ్ళొద్దు. నేను వెళ్తా. ఏమీ తేలని మాట ఒకటి చెప్పొస్తా. అటూ కాదు, ఇటూ కాదు."

"అటూ ఇటూ కాకపోతే అది ఆ పిల్ల నెత్తిమీదే పడుతుంది."

అత్తగారు కుంచెల డబ్బా దగ్గరికి లాక్కుని ఒక్కొక్క కుంచె కొనను పెదవుల మధ్య పెట్టి సూదిగా చెయ్యడం మొదలుపెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆవిడ చేసే పని అదే. "ఈ వీధిలో ఎన్ని బీరువాల్లో మన అతుకులున్నాయో తెలుసా నీకు? అత్తకి తెలీకుండా కోడలు, మొగుడికి తెలీకుండా పెళ్ళాం, తండ్రికి తెలీకుండా కొడుకు. అందరూ మన దగ్గరికే ఎందుకొచ్చారు? వీళ్ళు చెప్పరన్న నమ్మకంతో. ఒక్కసారి నోరు జారితే ఇక ఎవరొస్తారు? మీ మామగారు పోయినప్పుడు వీడు నా నడుమంత లేడు. ఈ కుంచెలూ, ఈ నోరు మూసుకోవడమూ, ఈ రెంటితోనే ఇంతవాణ్ణి చేశా."

'వీడు' అప్పుడే లోపలికి వచ్చాడు. వచ్చినవాడు రెండు మొహాలూ చూసి వెనక్కి తిరగబోయాడు.

"ఆగు" అంది కోడలు. "నువ్వేమంటావు?"

"నేనేమంటాను. అడకత్తెరలో పోకచెక్కని మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది." అతను గోడకు ఆనుకున్నాడు. "ఆ అల్లుడికే ఫోను చేసి చెప్పొచ్చుగా? వాళ్ళింటి గొడవ వాళ్ళే తేల్చుకుంటారు."

మొగుడి నోట అన్నాళ్ళకి ఒక పనికొచ్చే మాట వచ్చింది. కోడలు అక్కడికక్కడే ఫోను చేసింది. అల్లుడు మొదట ఎవరో గుర్తుపట్టలేదు, తర్వాత గుర్తుపట్టి గొంతు తగ్గించాడు.

"చూడండి, అయిపోయిందేదో అయిపోయింది. మీరు అతికించారు, నేనిచ్చేది ఇచ్చాను. ఇంకెందుకీ తవ్వకం?"

"వేడినీళ్ళ సంగతి ఆ ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"చెబితే ఎందుకని అడగరూ?" అతను నవ్వాడు. "పనిమనిషికి ఇంకో ఇల్లు దొరక్కపోదండీ. నాకు ఇంకో అత్తగారు దొరకదు."

"మీరే వెళ్ళి ఒప్పుకోండి. శుక్రవారం దాకా చూస్తాను."

"చూసి?" అన్నాడతను. ఇప్పుడు నవ్వు లేదు. "మీ కొట్టుకి నేను వచ్చినట్టు ఎవరు చూశారు?"

ఫోను పెట్టేసింది. కోడలి చెవులు ఎర్రబడ్డాయి. అత్తగారు కుంచె నోట్లోంచి తీసి, "చూశావా" అంది. గెలిచినట్టు కూడా అనలేదు. అలసటగా అంది.

ఆ రోజూ, మర్నాడూ కోడలు వేరే పనులు చేసింది. గొర్రెలకాపరి టోపీకి ఈక, పూలబుట్ట పిడి, ఎవరిదో టీ కెటిల్ మూతి. తెల్లటి పలక మీద తెలుపులో ఆవగింజంత పసుపు, అందులో సగం ఎరుపు కలిపి, చర్మంరంగు వచ్చిందా అని మణికట్టు పక్కన పెట్టి చూసుకుంది. గులాబీ గౌను పిల్ల ఇసుక పళ్ళెంలో ఒంటిచేత్తో నిలబడే ఉంది. అత్తగారు అటుగా వెళ్ళినప్పుడల్లా ఆ జిగురు చార వైపు చూసింది. తియ్యమని మళ్ళీ చెప్పలేదు. తనే తీసెయ్యొచ్చు, సీసా చేతికందేంత దూరంలోనే ఉంది. తియ్యలేదు కూడా.

శుక్రవారం కోడలు బొమ్మనూ, చెయ్యినీ ఉన్నవి ఉన్నట్టే పెట్టెలో సర్దుతుంటే అత్తగారు చెప్పులు వేసుకుంది.

"మీరెందుకు?"

"నీ నోరు పట్టుకోవడానికి."

"రెండు నోళ్ళూ ఒక్కమాట మీద ఉంటే మంచిది" అన్నాడు అత్తగారి కొడుకు తలుపు దగ్గర. వాళ్ళిద్దరూ అతని వైపు ఒకేలా చూశారు. అతను తలుపు తీశాడు.

బస్సులో పెట్టె కోడలి ఒళ్ళో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా అత్తగారి చెయ్యి కూడా వచ్చి దాన్ని పట్టుకుంది.

బొమ్మలావిడ హాల్లో బీరువా లోపలి దీపాలు పగలే వెలుగుతున్నాయి. వేణువూదేవాడు, పూలమ్మే పిల్ల, కుక్కపిల్లను ఎత్తుకున్న దొరసాని, వాయిద్యాలవాళ్ళ గుంపు, అందరూ అద్దాల వెనక వరసలు కట్టి ఉన్నారు. వేణువూదేవాడి పక్కన ఖాళీ. సూపర్వైజరు పెద్దసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చోటికి వెళ్ళాల్సినదానిలా కుర్చీ అంచున కూర్చుంది. సోఫాలో అల్లుడు ఉన్నాడు. వాళ్ళను చూసి ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. దూది వంటగది గుమ్మం పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"రండి రండి" అంది బొమ్మలావిడ. "వీళ్ళు పింగాణీ పని చేసేవాళ్ళు. ఇలాంటివి వందలు చూసి ఉంటారు. ఎలా విరిగిందో వీళ్ళే చెబుతారు."

కోడలు పెట్టె తెరిచింది. బల్ల మీద బొమ్మను నిలబెట్టి, చెయ్యిని పక్కన పెట్టింది. పెట్టె మూత మీద చేతులు పెట్టుకుని చెప్పింది.

"ఇది మొన్న విరగలేదండీ. పోయిన ఏడాదే విరిగింది. అతికింది నేను. ఈ తీగ ఫ్రెంచివాళ్ళు పెట్టింది కాదు, నేను పెట్టింది. ఈ చార నా జిగురుది. అతికిన బొమ్మ వేడినీళ్ళలో ఊడిపోతుంది. ఎవరు కడిగినా ఊడుతుంది. మీరు కడిగినా, నేను కడిగినా." అక్కడితో ఆగుదామనుకుంది కానీ ఆగలేకపోయింది. దూది వైపు తిరిగింది. "మీ చేతులకి ఏమీ కాలేదు. మొన్ననే చెప్పాల్సింది. చెప్పనందుకు నేను సిగ్గుపడుతున్నాను."

దూది కదల్లేదు. వెనక ఉన్న చేతులు మాత్రం ముందుకు వచ్చాయి.

"పోయిన ఏడాదా?" అంది బొమ్మలావిడ. "ఎవరు తెచ్చారు?"

"మీ అల్లుడుగారు."

అల్లుడు ఫోను మీంచి తలెత్తాడు. "నేనా? ఈవిడెవరో కూడా నాకు తెలీదు." నవ్వాడు. "దూదీ వీళ్ళూ ఒకటైనట్టున్నారు. మొన్న వాళ్ళ కొట్టుకి వెళ్ళిందట, డ్రైవరు చూశాడు."

సూపర్వైజరు అందరి మొహాలూ చూసింది. బొమ్మలావిడ ముఖంలో రక్తం పొంగింది. ఆవిడ కోడల్ని వదిలేసి అత్తగారి వైపు తిరిగింది.

"పెద్దావిడ గారూ, మీరు చెప్పండి. ఇన్నేళ్ళ పరిచయం. మా అల్లుడు మీ కొట్టుకి వచ్చాడా?"

కోడలు కళ్ళు దించుకుంది. వచ్చే జవాబు ఆమెకు తెలుసు. అటూ కాదు, ఇటూ కాదు.

అత్తగారు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. "బీరువా తాళం ఏదమ్మా?" అంది.

"తీసే ఉంది. ఎందుకు?"

అత్తగారు బీరువా దగ్గరికి వెళ్ళి అద్దం తలుపు తెరిచింది. వంటగది గుమ్మం వైపు చూసి, "ఇటు రామ్మా" అని దూదిని పిలిచింది. దూది బొమ్మలావిడ వైపు చూసి, తర్వాత వచ్చింది.

అత్తగారు వేలి కణుపుతో వేణువూదేవాడి పీఠం మీద మెల్లగా కొట్టింది. ఖంగుమంది. "విన్నావా? ఇది నిక్షేపంగా ఉంది. దీన్ని ఎంత వేడినీళ్ళలో ముంచినా ఏమీ కాదు." పక్కన దొరసాని మీద కొట్టింది. ఎండిన కర్ర మీద కొట్టినట్టు టక్‌మంది. "ఇది మాది. కుక్కపిల్ల తల. దీన్ని గోరువెచ్చటి నీళ్ళతో తుడవాలి, ముంచకూడదు." ఇంకొకటి. ఖంగు. ఇంకొకటి. టక్. "ఇది మాది. వీణ్ణి రెండు ముక్కలుగా తెచ్చారు." టక్. "ఇదీ మాదే. మడమ."

దూది ప్రతి చప్పుడుకీ చెవి ఒగ్గి, తలూపి, ఆ బొమ్మను మళ్ళీ చూసి గుర్తుపెట్టుకుంది. అత్తగారు ఎవరు తెచ్చారో మాత్రం చెప్పలేదు. రెండో వరసకు వచ్చేసరికి అల్లుడు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఫోను తెర చీకటైపోయినా దాన్నే చూస్తున్నాడు.

"చాలు" అంది బొమ్మలావిడ. "ఇదంతా నన్ను అవమానించడానికేనా? మా ఇంట్లో ఎవరు ఏం తెచ్చారో నాకు—"

"మీకు తెలీనిదేముందమ్మా." అత్తగారు పూలమ్మే పిల్లను రెండు చేతులతో బయటికి తీసింది. దాన్ని కొట్టి చూపించలేదు. "దీన్ని మీరే తెచ్చారు. అప్పటికి మీకు కొత్తగా పెళ్ళయింది. మీవారికి తెలియకూడదని నా బల్ల ముందు కూర్చుని ఏడ్చారు. తల అతికిచ్చాను. మళ్ళీ కొన్నాళ్ళకి ఇదే తల ఊడిపోతే మీవారు తెచ్చారు. పనిమనిషి కడుగుతూ విరగ్గొట్టిందని చెప్పారు. నేను తలూపి మళ్ళీ అతికిచ్చాను. మీరూ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. ఆ మనిషి ఏమైందో ఇప్పటిదాకా నేనడగలేదు. మీకు తెలుసా?"

బొమ్మలావిడ సోఫా వీపు పట్టుకుంది. కూర్చోబోయి కూర్చోలేదు. "అప్పటికి నేను చిన్నదాన్ని" అంది.

"నేను కాదు. నేనప్పటికే పెద్దదాన్ని" అంది అత్తగారు. బొమ్మను దాని చోట పెట్టి, బీరువా తలుపు మూసింది. "మీ అల్లుడుగారు మా కొట్టుకి వచ్చారు. మా కోడలు చెప్పిన ప్రతిమాటా నిజం."

సూపర్వైజరు గొంతు సవరించుకుంది. "అయితే ఈవిడ పేరు మా జాబితాలోంచి తియ్యక్కర్లేదన్నమాట" అని సంచీ భుజానికి తగిలించుకుంది. ఎవరూ కాదనలేదు.

"రేపటినుంచి మీ కొట్టు గుమ్మం ఎవరూ ఎక్కరు" అన్నాడు అల్లుడు. అతని గొంతు కీచుగా వచ్చింది.

"ఎక్కకపోతే మానె" అంది కోడలు. "ఎక్కినవాళ్ళకి ముందే చెబుతాం. బొమ్మ పట్టుకెళ్ళి కడిగేవాళ్ళ చేతికే ఇస్తామని. ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే లేదు." అని అత్తగారి వైపు చూసింది, ఆవిడ ఒప్పుకుంటుందో లేదో అని. అత్తగారు పెట్టెలో దూది సర్దుతోంది. కాదనలేదు.

బొమ్మలావిడ అల్లుడి వైపు చూడలేదు. నుదురు రుద్దుకుని, దూదితో అంది. "సరే. గది ఖాళీ చెయ్యక్కర్లేదు. వెళ్ళి పని చూసుకో."

దూది వెళ్ళలేదు. బీరువా పక్కనే నిలబడింది.

"ఏంటి మళ్ళీ?"

"ఉంటానో పోతానో తర్వాత చెబుతాను మేడమ్." ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు. "ముందు ఒకమాట. నేను విరగ్గొట్టానని మీరు అందరి ముందూ అన్నారు. డ్రైవరు ముందు, వంటావిడ ముందు, ఈ సూపర్వైజరు మేడమ్ ముందు. నా చెల్లెలికి కూడా తెలిసింది. విరగ్గొట్టలేదని కూడా మీరే అనండి."

"తెలిసిపోయిందిగా అందరికీ. ఇంకా అనేదేముంది?"

"వీళ్ళ నోటితో తెలిసింది. మీ నోటితో అనండి."

లేచి నిలబడ్డ సూపర్వైజరు వెళ్ళకుండా ఆగింది. వంటగది గుమ్మంలోకి వంటావిడ వచ్చి తడిచేతులతో నిలబడింది. బయట వరండాలో డ్రైవరు కారు తుడవడం మానేశాడు. బొమ్మలావిడ బల్ల మీద ఒంటిచేత్తో నిలబడ్డ గులాబీ గౌను పిల్లను చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో అంది.

"వినపడలేదు" అంది దూది.

బొమ్మలావిడ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. విరగ్గొట్టలేదని మళ్ళీ అంది, ఈసారి వరండాదాకా వినపడేట్టు.